చేపకి తెలియకూడని జ్వరం

జూబ్లీ హిల్స్‌లో పళ్ల డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నాను. ఎదురుగా ఉన్న అక్వేరియంలోంచి ఉప్పునీటి వాసన. రాతి సందులోంచి తోక ఎర్రగా ఉన్న ఓ చిన్న తెల్ల చేప తొంగి చూసింది. చిన్నప్పుడు మా ఫిల్మ్ నగర్ ఇంట్లోనూ అచ్చం అలాంటిదే ఉండేది.

దానికి ముందున్న చేప నాన్న సినిమా విడుదలైన రోజే చచ్చిపోయింది. "మీ నాన్నకి తగిలిన దిష్టంతా అది తీసుకుపోయిందే తల్లీ," అంది అమ్మమ్మ తృప్తిగా. ఇళ్లలో చేపల్ని పెంచేది అందుకే కాబోలనుకున్నాను.

కొత్త చేప ఎవరి జోలికీ పోయేది కాదు. నేను గాజు మీద వేలు ఆనిస్తే దగ్గరికొచ్చేది. అందుకే నాకు జ్వరం వచ్చినప్పుడు ఎవరికీ చెప్పలేదు. చేప ఉన్న హాల్లోకి అడుగే పెట్టలేదు. సాయంత్రం అమ్మ నా నుదురు తాకి, "అయ్యో, ఒళ్లు కాలిపోతోందే!" అని ఇల్లంతా వినపడేలా అరిచింది. నేను అమ్మ నోరు మూయబోయాను. అందలేదు.

నా జ్వరం తగ్గేసరికి అక్వేరియం ఖాళీగా ఉంది.

నీళ్లలో ఉప్పు పాళ్లు తప్పితే అలాంటి చేపలు బతకవని పెద్దయ్యాక తెలిసింది.

"ఏ పన్ను నొస్తున్నది మేడమ్?" అని కౌంటర్లో అమ్మాయి అడిగింది. చేప మా వైపే చూస్తోంది. లేచి వెళ్లి, ఆమె చెవిలో చెప్పాను.