పండని ఏలక్కి

రాయచూరు మార్కెట్‌లో కృష్ణాబాయిది అరటిపండ్ల దుకాణం. పండును ముట్టుకోకుండానే ఎన్ని రోజులు నిలుస్తుందో చెప్పేది. మరిది అంబరీశ్ నీడ మాత్రం ఆమెకు గిట్టదు. అతనికీ అంతే. భర్త పోయాక కల్మల దగ్గరి రెండెకరాలు ఇద్దరికీ ఉమ్మడిగా మిగలడంతో ఆ పగకు పాదు దొరికింది.

పొలం మొత్తం జీ-నైన్ అనే పొట్టి అరటి రకం వేస్తానన్నాడు అతను. గట్టు పక్కన భర్త గబ్బూరు నుంచి తెచ్చి నాటిన ఏలక్కి అరటి గుబురు ఉంది. దాన్ని తవ్వనివ్వనంది ఆమె. చివరికి పందెం కట్టుకున్నారు. చెరో అరవై మొక్కలు, ఒకే బోరు నీళ్ళు, ఒకే ఎరువు. గెల నిండుదనంలో, పండు రుచిలో ఎవరిది మేలైతే పొలమంతా ఆ రకమే. ఓడినదాన్ని గుబురుతో సహా పెకలించాలి. కోత రోజు ఆమే పెట్టింది: వచ్చే ఏటి శ్రావణ శుక్రవారానికి ముందురోజు.

అరటి ఒక్కో రకానిది ఒక్కో ఈడు. కోస్తా లంకల్లో చక్కెరకేళి కోతకొచ్చే నెలల లెక్క ఈ ఎర్రనేలలో ఏలక్కికి కుదరదు. దుకాణంలో బతుకు గడిపిన మనిషికి పండగ గిరాకీ తెలుసు. చెట్టు వయసు ఎవరు చెప్పాలి? అన్నతో కలిసి సేద్యం చేసిన అంబరీశ్‌కు తెలుసు. చెప్పలేదు.

ఆదివారమల్లా ఆమె లింగసుగూరు బస్సెక్కి పొలానికి వచ్చి బోదెలను కొంగుతో కొలిచేది. తనవే పొడుగని మురిసేది. పొట్టిగా ఉన్న అతని మొక్కలు ముందుగా గెల వేశాయి.

కోతనాడు అతని కాయలు గుండ్రంగా నిండి ఉన్నాయి. ఆమెవి సన్నగా, పదునైన అంచులతో, పచ్చిగా ఉన్నాయి. చూడగానే ఆమెకు అర్థమైంది.

"వీటికి ఇంకా రెండు నెలలు కావాలని నీకెరికేనా?"

"నాటిననాడే ఎరుక వదినా. తారీకు నువ్వే పెడ్తివి గద."

"పదకొండు నెలలు నోరు మూసుకొని నీళ్ళు పెట్టినవా?"

"పెట్టిన. ఇప్పుడైనా ఆగుత. మార్కెట్ల, అందరి ముందల, చేతులు జోడించి అడుగు."

ఆమె అతని చేతిలోని కత్తి లాక్కుంది. అరవై గెలలూ తానే నరికింది. జిల్లేడు పాలలా కారిన అరటి జిగురు చీరంతా నల్లటి మరకలైంది. గుబురును అతను ఆ సాయంత్రమే తవ్వించాడు.

మర్నాడు ఊరంతా పూజకు పండ్లడుగుతుంటే, ఆమె దుకాణం ముందు పచ్చి గెలలే వేలాడాయి. అడిగిన ప్రతివారికీ ఆమె ఒకటే చెప్పింది.

"మా మరిది తోటవి. పండవు. కూర చేస్కోండి."

అతని జీ-నైన్ గెల ఒక్కదాన్నీ ఆమె ఆ దుకాణం గడప తొక్కనివ్వలేదు.