నా పేరు మీది కార్డు

గూడూరు దగ్గరి ఒక ఊళ్ళో నేను అంగన్‌వాడీ టీచర్ని. మా మహిళా సంఘంలో పది మందిమి. సంఘం పుస్తకం రాసేది నేనే, ఎవరైనా కిస్తీ ఎగ్గొడితే ముందు నోరు చేసుకునేదీ నేనే. పత్తి గింజలు పెట్టే ముందు సంఘం పేరున బ్యాంకులో లోను తీసుకుంటాం. ఆ లోనుకు పది పేర్లూ శుభ్రంగా ఉండాలి. ఒక్కరి పేరు చెడితే పది మందికీ ఆగిపోతుంది.

ఈసారి ఆ ఒక్కరూ నేనే అయ్యాను.

"మేడం, మీ క్రెడిట్ కార్డు బాకీ ఎనిమిది నెలలుగా కడతలేరు," అన్నాడు మానుకోట బ్యాంకులో ఆఫీసరు. నాకు నవ్వొచ్చింది. నా దగ్గరున్న కార్డులు ఆధార్, రేషన్, అంతే. ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పాడు. ఏదో వేరే బ్యాంకు కార్డు. నా పేరు, నా పుట్టిన తేదీ, నా జీతం. చిరునామా మాత్రం కేసముద్రం. తర్వాత ఫోన్ నంబరు చదివాడు. ఆ నంబరు నాకు నోటికి వచ్చు. నా బిడ్డ పుట్టినప్పుడు, నా భర్త పోయినప్పుడు మొదట ఫోన్ చేసింది ఆ నంబరుకే. అది మా తమ్ముడిది.

"మీరు తీసుకోలేదంటే పోలీసు ఫిర్యాదు కాపీ తీసుకురండి. అదుంటే సంఘం ఫైలు పైకి పంపుత," అన్నాడు ఆఫీసరు.

తప్పు నాది కూడా ఉంది. మా వైపు ఆడవాళ్ళ కాగితాల మీద ఫోన్ నంబరు మగవాళ్ళదే ఉంటుంది. నా భర్త ఉన్నన్నాళ్ళూ ఆయనది. ఆయన పోయాక జీతం ఖాతా తెరిపించడానికి తమ్ముడే వచ్చి తన నంబరు ఇచ్చాడు. తర్వాత నేను ఫోను కొనుక్కున్నాను గానీ బ్యాంకులో నంబరు మార్పించలేదు. మార్పిస్తే అక్కకు నా మీద నమ్మకం లేదనుకుంటాడేమోనని ఊరుకున్నాను. ఓటీపీలన్నీ వాడి ఫోనుకే పోయేవి. పిల్లలకు అక్షరాలు నేర్పే మనిషిని, ఆ మాత్రం తెలివి లేకపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

లోను ఆగిందని తెలిసి మరునాడు పొద్దున సంఘంలో మిగతా తొమ్మిది మందీ వచ్చి నా ఇంటి ముందు కూర్చున్నారు. మా సంఘంలో అది పద్ధతి. కట్టని మనిషి ఇంటి ముందు మాట్లాడకుండా కూర్చుంటాం, సిగ్గుపడి కట్టేదాకా. ఎన్నో ఇళ్ళ ముందు నేనే ముందు కూర్చున్నాను. చాయ్ పెట్టి ఇస్తే ఒక్కరూ ముట్టలేదు. ముట్టొద్దని రూలు పెట్టింది కూడా నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి వాళ్ళలో ఒకరు, మా పక్కింటి అవ్వ, నోరు విప్పింది. "బిడ్డా, ఆ పైసలు నువ్వు తినలేదంటే నమ్ముతం. మరి మేం గింజలు ఎట్ల కొనాలె? వానలు మీదికొచ్చినయ్."

ఆ సాయంత్రం కేసముద్రం పోయాను. తమ్ముడి ఇల్లు మార్కెట్ యార్డు వెనక. వాడు అబద్ధమాడలేదు, అదే ఇంకా మంట.

"అవునక్కా, నేనే తీసిన. ట్రాక్టర్ కిస్తీలు కట్టక నా పేరు ఖరాబైంది. నీ మరదలి పేరు గూడ ఖరాబైంది. నీ పేరొక్కటే మంచిగుండె."

బీడుగా పడున్న చెలక భూమిని దున్నుకున్నంత తేలికగా చెప్పాడు.

"నన్ను అడగాలె గదరా."

"అడిగితే ఇస్తుంటివా?"

"ఇయ్యకపోతుంటి."

"గందుకే అడగలే."

ఎప్పుడు కడతావంటే పంట వచ్చినంక చూద్దామన్నాడు. రేపు ఠాణాకు పోతున్నానని చెప్పాను. "నా మీద కేసు పెడతవా? పెట్టవ్ తియ్యి," అని నవ్వాడు. చీకటి పడుతోందని బస్సు దాకా బండి మీద దింపాడు కూడా. వాడి వెనక కూర్చుని ఏడ్చాను. వినపడలేదో, విననట్టు ఉన్నాడో తెలియదు.

తెల్లారి గూడూరు ఠాణాకు పోయాను. సంఘం ఆడవాళ్ళు ఇద్దరు తోడు వచ్చి బయట నిలబడ్డారు. నేను మధ్యలో వెనక్కి తిరుగుతానేమోనని వాళ్ళ భయం. నా భయమూ అదే.

కానిస్టేబుల్ నా పేరు, మా నాయిన పేరు, ఊరు రాసుకున్నాడు. ఎవరి మీద అనుమానమని అడిగాడు. అనుమానం కాదు, తెలుసు అని చెప్పి తమ్ముడి పేరు చెప్పాను.

"అతని తండ్రి పేరు?"

చెప్పాను. రాయబోయి ఆగాడు. పైన తను రాసిన వరుస ఒకసారి చూసుకుని పెన్ను పక్కన పెట్టాడు.

"సొంత తమ్ముడా అమ్మా?"

"అవును."

"ఇంట్ల కూసోని మాట్లాడుకోరాదు?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"రాయుండ్రి సారూ. కింద గూడ మా నాయిన పేరే రాయుండ్రి."