ముంజేతి మీద పరీక్ష

ఈ ఉదయం తిరుత్తణిలో మా వీధి మొదట్లో నూలుకు రంగు కాస్తున్నారు. తెల్లటి ఆవిరిలో ముక్కును గీరే పుల్లటి ఘాటు. ఆ వాసన తగిలితే నాకు రేవతి మేడమ్ గుర్తొస్తారు, వెంటనే కోపమూ వస్తుంది. ఆమె మీద కాదు.

తిరువళ్లూరు అవతల ఒక చిన్న రసాయన పరీక్షాశాలకు ఆమె అధికారి. నేను అక్కడ గాజుసామాను కడిగే పనికి చేరాను. బడి చదువు మధ్యలో ఆగినా, మిగతాది గ్రంథాలయంలో సంపాదించుకున్నాను. ఆ మాట గర్వంగానే చెబుతాను. ఒక మధ్యాహ్నం చర్మం గురించి తమిళ పుస్తకం చదువుకుంటుంటే మేడమ్ చూసి, "కడిగింది చాలు కస్తూరీ, లోపలికి రా, చదివింది చూద్దువు" అన్నారు. ఊత్తుకోట వైపు మనిషి, మా తెలుగే. లోపల కుందేళ్లు లేవు, గినీపందులు లేవు. రసాయనం ప్రోటీన్లకు అతుక్కుంటుందా అని గాజుగొట్టంలో చూస్తారు. పెంచిన మనిషి చర్మకణాలకు కలిపి, అవి అపాయాన్ని పసిగట్టి మెరుస్తాయా అని యంత్రంతో చదువుతారు. ఏ ప్రాణికీ దురద పుట్టించకుండా దురద సంగతి తెలుసుకోవడం నాకు ఎంతో గొప్పగా తోచింది.

అప్పుడే ఒక రంగుల వ్యాపారి, నూలుకు రంగు గట్టిగా పట్టించే కొత్త ద్రావకం తెచ్చాడు. ఒంటికి హాని లేదని మేము రాసివ్వాలి. రెండు పరీక్షల్లోనూ అది అలర్జీ తెప్పించే సరుకని తేలింది.

"జంతువే లేని పరీక్ష ఏం పరీక్ష మేడమ్? తిరుత్తణిలో ఆడోళ్లు చేతికి పూసి చూసినారు. సుమ్మా, ఉట్టి నీళ్ల మాదిరి ఉండాదన్నారు" అన్నాడు.

నిజమే. కొత్త రంగు వస్తే తిరుత్తణిలో మా అద్దకం షెడ్లలో ముంజేతి లోపలివైపు ఒక చుక్క పూసుకుని సాయంత్రం దాకా చూస్తారు. మండకపోతే మర్నాడు మోచేతుల దాకా ముంచుతారు. మా షెడ్డులో ఆ చుక్క పూసుకునేది సుశీల పిన్ని.

"మొదటిసారి ఏమీ కాదు. ఒళ్లు దాన్ని గుర్తు పెట్టుకుంటాది. మళ్లీ మళ్లీ తగిలితే తిరగబడతాది" అన్నారు మేడమ్. "జంతువు లేదని మీరు మనుషుల్ని పట్టుకున్నారా?"

ఆమె సంతకం పెట్టలేదు. అతను నవ్వి, సీసాలు అప్పుడే మా షెడ్డుకు పోయినాయని చెప్పి వెళ్లాడు.

ఆ ఆదివారమే మేడమ్ నాతో బస్సెక్కి తిరుత్తణి వచ్చారు. ఆ ద్రావకం వాడొద్దని షెడ్డులో వాళ్లను బతిమాలారు. పిన్ని చెయ్యి చాపి, "చూడు మేడమ్, పెండ్లికూతురు చెయ్యి మాదిరి ఉండాది. కాపీ తాగి పో" అంది. అందరూ నవ్వారు.

కొన్ని వారాలకు పిన్ని వేళ్లు పొక్కి, చర్మం పగిలి నీరు కారింది. ఆ ద్రావకం ఇక జన్మలో ముట్టకూడదన్నారు డాక్టరు. విని, మేడమ్ మళ్లీ వచ్చారు. వ్యాపారీ అక్కడే ఉన్నాడు, కొత్త సీసాలతో.

"ఆయమ్మ ఒళ్లే అట్టాంటిది. మిగతావాళ్లకు యాడ వచ్చినాది?" అన్నాడు.

నేను సీసా మూత తీశాను. "చెయ్యి చాపన్నా. ఇయ్యాల పూస్తా, రేపు పూస్తా, నెలంతా పూస్తా. అప్పుడు మాట్లాడుదాం."

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అన్నం కూడా ఒకరు తినిపించాల్సి వస్తున్న పిన్ని, "పూయవే" అంది. మేడమ్ నా చేతిలోంచి సీసా తీసుకున్నారు.

"ఆయన చెయ్యి కూడా చెయ్యే కస్తూరీ. ఎవురి చెయ్యీ వద్దనే కదా మనం ఇంత చేసినాము."

మా షెడ్డులో ఆ ద్రావకం ఆగింది. మేడమ్ ఉద్యోగం ముగించుకుని సొంతూరు వెళ్లిపోయారు. ఆ సీసా పేరు మార్చుకుని పూండి వైపు షెడ్లలో అమ్ముడవుతోంది. తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. సెలవు దొరికితే ఆ షెడ్లకు వెళ్లి చెబుతున్నాను. నమ్మనివాళ్లు నవ్వుతూ, పూసి చూద్దామని ముంజెయ్యి చాపుతారు. నేను ఆ చేతిని పట్టుకుని కిందికి దించుతాను.