కొత్త కార్డుకు బొట్టు

కోటబొమ్మాళిలో మా కిరాణా కొట్టు వెనక గదిలో నా కంప్యూటరు ఉండేది. నా అంటే నాదే. మా ఆయన పెళ్ళిళ్ళకు వీడియో తీసేవారు. దాన్ని కోసి, అతికించి, పాటలు పెట్టి, పెళ్ళివారు పదిసార్లు చూసుకునేలా తయారు చేసేది నేను. ఊళ్ళో మెచ్చుకోళ్ళు మాత్రం ఆయనకే. ఆ మంట నాకు ఎప్పుడూ ఉండేది.

ఆ ఏడాది ఆయన కొత్త హెచ్‌డీ కెమెరా కొన్నారు. బొమ్మ అద్దంలా వచ్చేది కానీ, నా పాత డెస్క్‌టాప్ దాన్ని మోయలేకపోయింది. పెళ్ళికొడుకు తాళి ఎత్తిన చోట తెర బిగుసుకుపోయేది. వంటింట్లోకి వెళ్ళి టీ కాచుకుని, తాగి వచ్చినా ఆ చెయ్యి గాల్లోనే ఉండేది.

మావయ్య ఇది కనిపెట్టారు. ఆ గది మీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను ఉంది. "గురువారం బెల్లం లోడు వస్తాదమ్మా. ఈ డబ్బా నడిసిందా, సరే. నేదంటే గది కాళీ సేసీ. నువ్వొచ్చి కొట్లో కూకో, నాకూ సాయంగా ఉంటాది" అన్నారు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచకుండా అన్న మాట వెనక్కి తీసుకోవడం నేను ఆ ఇంటికి వచ్చాక ఒక్కసారీ చూడలేదు. కొట్లో కూర్చుంటే ఇక నా పని అయిపోయినట్టే. పప్పులు తూచే చేతులు మళ్ళీ కీబోర్డు మీదకు రావని నాకు తెలుసు.

గ్రాఫిక్స్ కార్డు వేస్తే మిషను తేరుకుంటుందని నేనే నెట్‌లో చదివాను, నేనే ఎంచాను, చీటీ మీద మోడల్ రాసి ఇచ్చాను. ఆదివారం మా ఆయన విశాఖపట్నం నుంచి రైల్లో పట్టుకొచ్చారు. నేను స్నానం చేసి వచ్చేసరికి అది దేవుడి పీట మీద ఉంది. ఫ్యాను నడిమధ్యలో ఎర్రటి కుంకుమ బొట్టు. నవ్వొచ్చింది. కాటా దగ్గర్నుంచి గ్రైండరు దాకా మా ఇంట్లో ఏ వస్తువుకైనా అత్త చేతి బొట్టు పడాల్సిందే. పైగా ఆ ఇంట్లో నా పక్షాన ఉన్న ఒక్క మనిషి ఆవిడ. మధ్యాహ్నాలు నా పక్కన కూర్చుని ఎవరెవరివో పెళ్ళిళ్ళు చూసేది. "ఆ మేనత్తని కోసీకే, తీసేస్తే గొడవైపోతాది" అనేది. ఆ సలహాల పుణ్యమా అని రెండు మూడు తగవులు నిజంగానే తప్పాయి.

సోమవారం మూత విప్పి కార్డు పెట్టబోతే, లోపల హార్డ్ డిస్కు ఉండే ఇనప గూడుకు తగిలి ఆగిపోయింది. పొడుగు కొలుచుకోవాలని నాకు తట్టనే లేదు. హార్డ్ డిస్కును కింది అరలోకి మార్చి, వేళ్ళు గీరుకుపోయేలా కార్డును దూర్చాను. అది అయ్యిందో లేదో ఇంకొకటి. ఆ కార్డుకు విడిగా కరెంటు తీగ కావాలట. మా పాత పవర్ సప్లైకి అలాంటి తీగే లేదు. శ్రీకాకుళం నుంచి కొత్త పవర్ సప్లై తెప్పించేసరికి మంగళవారం అయింది.

"మంగళారం కొత్త సామాను బిగించీకే పిల్లా" అంది అత్త.

పళ్ళు నూరుకుంటూ ఒక రోజు వదులుకున్నాను.

బుధవారం పొద్దున్నే మా ఆయన పాతపట్నంలో పెళ్ళికి వెళ్ళిపోయారు. అన్నీ బిగించి స్విచ్చి వేశాను. ఫ్యాను బొట్టుతో సహా గిర్రున తిరిగింది. తెర మాత్రం నల్లగా ఉంది. లోపల్నుంచి ఒక పొడుగు కూత, వెంటనే రెండు పొట్టి కూతలు. కార్డు నాకు కనబడటం లేదు అని కంప్యూటరు మొత్తుకోవడం అది. కార్డు తీస్తే పాత తెర మామూలుగా వచ్చేది. పెడితే మళ్ళీ ఆ మూడు కూతలే. మధ్యాహ్నానికి కొట్లో సరుకు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా "లోపల ఏటది కూస్తన్నాది?" అని అడగడం మొదలుపెట్టారు. మావయ్య అది విని గట్టిగా దగ్గేవారు. ఆ దగ్గు నా చెవిన పడాలనే.

కార్డు అమ్మిన కొట్టుకు ఫోన్ చేశాను. "మీ మదర్‌బోర్డు బాగా పాతది మేడం. కొత్త కార్డులు కొన్నిటికి పడవు. దాని బయోస్ సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్ ఏదైనా ఉందేమో చూడండి. కార్డు కింద పళ్ళుంటాయి కదా, వాటిని రబ్బరుతో ఓసారి తుడిచి చూశారా?" అన్నాడతను.

"కొత్త కార్డండీ అది. మురికెక్కడిది?" అని కసిరి పెట్టేశాను.

అప్‌డేట్ కోసం సాయంత్రం దాకా వెతికాను. ఆ బోర్డు చేసినవాళ్ళు దాన్ని ఎప్పుడో వదిలేశారు.

గురువారం పది గంటలకు లారీ వచ్చి కొట్టు ముందు ఆగింది. ఇల్లంతా బెల్లం వాసన. కూలీలు తలగుడ్డలు చుట్టుకుంటున్నారు. మావయ్య గది గుమ్మంలో నిలబడ్డారు. ఆయన వెనక అత్త.

"ఏటైనాదమ్మా?"

"పడలేదు మావయ్యా."

"ముసిలెద్దుకి కొత్త కాడి ఎడితే ఏటవుతాది? సర్లే, తీసీ."

తీగలు ఊడదీశాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అమ్మినవాడి మీద, పాత డబ్బా మీద, మంగళవారం మీద. ఆడలేక మద్దెల ఓడన్నట్టు దొరికిన ప్రతిదాన్నీ లోపల్లోపల తిట్టుకుంటూ కార్డును కవర్లో పెట్టబోయాను. చేతికి చెమట పట్టి ఉంది. బొటనవేలు ఆ బంగారు రంగు పళ్ళ మీద జారింది. చూస్తే వేలికి పసుపు.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అనుమానం లేదు, పూజ గదిలో పసుపే. గడపకు రాసినట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా నున్నగా రాసింది అత్త. బొట్టయితే ఎర్రగా కనబడింది కానీ, బంగారం రంగు మీద పసుపు ఎవరికి కనబడుతుంది?

తలెత్తి చూశాను. ఆవిడ చూపు నా వేలి మీదే ఉంది.

మాట నోటిదాకా వచ్చింది. నాలుగు రోజుల మంట దాని వెనకే ఉంది. ఆ మాట అనేస్తే, అత్తను జీవితాంతం దెప్పడానికి మావయ్యకు సరిపోయేది. రబ్బరుతో తుడవమని చెప్పినవాణ్ణి కసిరింది ఎవరు మరి? నేనే కదా.

"రెండు నిమిషాలు ఆగండి మావయ్యా. అత్తా, కొట్లోంచి పెన్సిలు రబ్బరొకటి ఇస్తావా?"

ఆవిడే వెళ్ళి తెచ్చింది. నా చేతిలో పెట్టేటప్పుడు ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి. రుద్దుతుంటే పచ్చటి నలుసులు నేల మీద రాలాయి. కార్డు దూర్చే స్లాటులోకి మెత్తటి కుంచె పోనిచ్చి దులిపాను.

"ఏటది?" మావయ్య వంగి చూశారు.

"దుమ్ము."

"కొత్తదానికి దుమ్మేటమ్మా?"

"షాపులో ఎన్నాళ్ళు పడుందో."

మళ్ళీ బిగించి స్విచ్చి నొక్కాను. ఒక్కటే పొట్టి కూత. తెర వెలిగింది. కార్డు సాఫ్ట్‌వేర్ ఎక్కేదాకా మావయ్య గుమ్మంలోంచి కదల్లేదు. కూలీలు బీడీలు వెలిగించుకున్నారు. చివరికి ఆ పెళ్ళి తెరిచి నడిపించాను. పెళ్ళికొడుకు చెయ్యి ఆగలేదు. మూడు ముళ్ళూ పడ్డాయి. ఏడుపు అప్పుడొచ్చింది, కూలీలు చూస్తున్నారని కూడా లేకుండా వచ్చేసింది.

"దిమ్మలు నడవలో ఎట్టియ్యండ్రా" అన్నారు మావయ్య, నాకు వీపు తిప్పి. నెలన్నర పాటు మా నడవంతా చీమలు.

ఆ తరవాత కొన్నాళ్ళకు కొత్త హార్డ్ డిస్కు వచ్చింది. అలవాటుగా తీసుకెళ్ళి అత్తకిచ్చాను. కాసేపటికి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టె సీలు కూడా ఊడలేదు. పైన అట్ట మీదే పసుపు రాసి, బొట్టు పెట్టింది.

"లోపలిది తియ్యలేదేం అత్తా?"

"దుమ్ముంటాదేమోనే" అంది, నా మొహం చూడకుండా. "అది నువ్వే తుడుసుకో."