ఎంతసేపమ్మ

మా తమ్ముడి కూతురు ఈ ఊరికి సాధించిపెట్టిన మొట్టమొదటి విజయం ఒక సిమెంటు బల్ల. పెద్దాసుపత్రి వెనక గేటు దగ్గర బస్సు ఆగేచోట నలుగురు కూర్చునేంత బల్ల, పైన రేకు. అది వేయించడానికి ఆమెకు పద్నాలుగు నెలలు, ముప్పై ఒక్క అర్జీలు పట్టాయి. దానిమీద కూర్చునేవాళ్ళలో చాలామందికి అది ఎవరివల్ల వచ్చిందో తెలియదు. అందుకే రాస్తున్నాను.

నేను చదివింది ఊరిబడిలో ఏడో తరగతి. నలభై ఏళ్ళు సైకిళ్ళు బాగుచేశాను. అయినా ఈ పిల్ల ఘనతలు చెప్పమంటే ఎక్కడా తడుముకోను. తొమ్మిదో ఏట నా కొట్లో ఊడిన చైను తనే ఎక్కించింది. పదో తరగతిలో బడికే మొదటిది. ఆ తర్వాత యూనివర్సిటీలో డాక్టరు పట్టా. మందులిచ్చే డాక్టరు కాదు; బస్సుల డాక్టరని నేనే అందరికీ విడమరిచి చెప్పుకొచ్చాను.

ఊళ్ళో బస్సు ఎవరికి అందుతోంది, ఎవరికి అందడంలేదు, ఎవరు ఎంతసేపు నిలబడుతున్నారు అన్నదే ఆమె పరిశోధన. యూనివర్సిటీ మూడో అంతస్తులో చివరి గది ఇచ్చారు. గోడకు పెద్ద మ్యాపు, ఇరవైనాలుగు స్టాపులకు ఇరవైనాలుగు గుండుసూదులు.

మొదటి ఏడాది లెక్కలన్నీ తప్పాయి. ఊరి చివర పేటల్లో జనం అసలు ఎదురుచూడటమే లేదని కాగితాలు తేల్చాయి. నిధులిచ్చే పైవాళ్ళు సంతోషించారు కూడా. ఈమెకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. అలాంటి పేటనుంచే వచ్చి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే ఒకావిడ రోజూ వెనక గేటు దగ్గరే బస్సెక్కుతుంది. ఆవిణ్ణి అడిగింది.

“వచ్చి ఎంతసేపైందమ్మా?”

“ఇప్పుడే.”

“ఇందాక నేను అటు వెళ్తున్నప్పుడు కూడా ఇక్కడే ఉన్నారుగా.”

“అప్పుడు కూడా ఇప్పుడే వచ్చాలే. గంటైందని చెప్తే ఏం చేస్తావ్, నువ్వే బస్సువైపోతావా?”

తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. ఆ మాట మనందరి నోటా ఉన్నదే. ఎంతసేపు నిలబడ్డా, ఎవరైనా అడిగితే ఇప్పుడే వచ్చానంటాం. అవతలివాళ్ళు నొచ్చుకోకూడదని కొంత, మన అవస్థ బయటపడకూడదని కొంత. ఆమె ప్రశ్న మార్చింది. వచ్చినప్పటినుంచి ఏమేం చేశారని అడిగింది.

“ఏం చేస్తాం? పిల్లదాని గౌనుకి అంచు మొత్తం కుట్టా. మా చెల్లితో ఫోన్లో పోట్లాడా. మళ్ళీ కలిసిపోయాం కూడా.”

ఈమె కాగితంమీద గంటా పది నిమిషాలని రాసుకుంది. అలా పాత లెక్కలన్నీ పక్కనపెట్టి మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ గేటు దగ్గర బల్లకోసం అర్జీలు పెట్టడమూ అప్పుడే మొదలైంది. స్టాపుల్లో ఆమెకు ‘ఎంతసేపమ్మ’ అని పేరు పడింది. ఆ పేరు కూడా నేను పట్టాల లెక్కలోనే వేస్తాను.

పదమూడు స్టాపులు పూర్తయ్యేసరికి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. పరిశోధనకు ఇస్తున్న నిధులు ఈ నెలతో ఆపుతున్నారు; గది ఖాళీ చేయాలి. మ్యాపు చుట్టచుట్టి, గుండుసూదులు డబ్బాలో పోసి, కాగితాల పెట్టెలు నాలుగూ నా కొట్టు అటకమీదికి చేర్చింది.

“కొన్నాళ్ళు సైకిలుమీద వేరే దేశాలు తిరిగొస్తా పెదనాన్నా. హోటళ్ళలో కాదు, మనుషుల ఇళ్ళల్లో ఉంటూ, వాళ్ళు వెళ్ళే దారినే వెళ్తూ.”

“వచ్చాక మళ్ళీ ఈ పనే చేస్తావుగా?”

సీటు బోల్టు బిగిస్తూ, తల ఎత్తకుండానే అంది. “తెలీదు. ఆ పెట్టెలు పాతకాగితాలవాళ్ళకి ఇచ్చెయ్.”

సరేనన్నాను. ఇవ్వలేదు.

ఆ సైకిలు చక్రాలకు ప్రతి పుల్లా నేనే బిగించాను. నాలుగు వేల కిలోమీటర్లు తొక్కినా చక్రం ఇంతవరకూ వంగలేదు. ఆమె మూడు దేశాలు దాటింది. ఒకచోట పాలబండి నడిపే దంపతుల ఇంట్లో పది రోజులుంది. ఒక కొండదారిలో రోజంతా తోసుకుంటూనే నడిచింది. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఇవన్నీ చెబుతుంది. పని సంగతి తను ఎత్తదు, నేను అడగను. ఫోన్ పెట్టేశాక కొట్లో ఆమె కూర్చునే ముక్కాలిపీట కాసేపు తుడుస్తాను. దానిమీద దుమ్మేమీ ఉండదు.

సాయంత్రాలు ఆ సిమెంటు బల్లమీదే కూర్చుంటున్నాను. దుప్పట్లు ఉతికే ఆవిడ కనబడినప్పుడల్లా అడుగుతుంది. ఈమధ్య కూడా అడిగింది.

“ఎంతసేపమ్మ వెళ్ళి ఎన్నాళ్ళైంది అన్నా?”

“మొన్నేగా వెళ్ళింది.”

“ఏడు నెలలు నీకు మొన్నా? నువ్వూ మా జట్టులో చేరిపోయావన్నమాట.” నవ్వి, నా పక్కన కూర్చుంది.

పోయిన ఆదివారం ఫోన్ ఎప్పటికంటే ముందే మోగింది.

“పెదనాన్నా, ఇక్కడ వానలో ఒక ముసలావిడ స్టాపులో నిలబడుంది. వచ్చి ఎంతసేపైందని అడిగా. ఏదో ఒక్క మాట అంది. పక్కనున్నతన్ని దానర్థమేంటని అడిగితే ఏం చెప్పాడో తెలుసా?”

“ఇప్పుడే అనా?”

“అదే. ఆవిడ గొడుగు కింద నేల ఒక్కటే పొడిగా ఉంది. వాన పట్టి గంటైంది.” ఆ వెంటనే అడిగింది. “ఆ పెట్టెలు... ఇచ్చేశావా?”

“అటకమీదే ఉన్నాయి. గుండుసూదులతో సహా.”

ఏడ్చిందో నవ్విందో ఫోన్లో సరిగ్గా తెలియలేదు. మిగిలిన పదకొండు స్టాపులూ ఎవరూ నిధులివ్వకపోయినా తనే తిరిగి పూర్తిచేస్తానంది. పెట్టెలు కిందికి దించి, తడిగుడ్డతో తుడిచి, ముక్కాలిపీట పక్కన పేర్చాను. ఆమె ఆసుపత్రి వెనక గేటు దగ్గర బస్సు దిగేది మార్చి పందొమ్మిది, గురువారం.