గ్రీకు నిఘంటువు కింద కండువా

రేపు చర్చిలో నా మొదటి ప్రసంగం. బైబిలు గ్రీకు మూలంలోని ఒక మాటకు అర్థం చూద్దామని సాయంత్రం గ్రీకు నిఘంటువు కోసం వెతికితే, మా మేనత్త ట్రంకుపెట్టె మీద దొరికింది. దాని కింద మావయ్య పొందూరు కండువా మడతపెట్టి ఉంది. ఇస్త్రీపెట్టెకు బొగ్గులు లేవట.

తీయబోతే అత్త అడ్డం పడింది. "మడత సెడిపోతాది. రేపు మీ మావ సర్చికి బయల్దేరినాక తీసుకో."

"నాకు అర్థం ఇప్పుడే కావాలత్తా."

"రెండు వేల ఏళ్ళ నాటి మాటన్నావు కదా. తెల్లారేసరికి అర్థం మారిపోతాదేటి?"

బదులుగా లాటిన్ నిఘంటువు ఇచ్చాను. చేత్తో తూచి, "ఇది తేలిక, సాలదు" అని తిప్పి ఇచ్చేసింది.

మీ ఇళ్ళలో పెద్ద పుస్తకాలు ఏ పనికొస్తున్నాయో చెప్పండి. మా ఇంట్లో గ్రీకు వల్ల బాగుపడింది ఆ కండువా ఒక్కటే.