పెట్టెలో పట్టిన వంటిల్లు

నాకు చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తోంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపిస్తుంది, పక్కనే ఉన్న గ్లాసు కనిపించదు. నీడలోకి పోతే ఆ కాస్తా మసకబారుతుంది. ఉన్నది కాపాడుకోవడమే తప్ప పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న రోజు నుంచి మా అత్త నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేసింది. "నువ్వు కూసో బిడ్డా, నేను జేస్త" అనేది. ప్రేమతోనే అనేది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. గౌడవెల్లిలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ అందరికీ వండిపెట్టిన దాన్ని, మూలన కూర్చుని టీవీ వినమంటే ఎట్లా?

పోట్లాడి చూశాను. గెలిచినా లాభం లేకపోయింది. మా ఇంట్లో ఏ వస్తువూ పెట్టిన చోట ఉండదు. పసుపు డబ్బా ఇవాళ పొయ్యి పక్కన ఉంటే రేపు ఫ్రిజ్ మీద ఉంటుంది. వెతుకుతుంటే ఏదో ఒకటి కింద పడుతుంది, పడగానే మా అత్త పరుగెత్తుకొస్తుంది.

శామీర్‌పేట దాటాక మా ఆడబిడ్డ వాళ్ల మామిడితోట ఉంది. ఏటా ఎండలు ముదరక ముందే ఒక ఆదివారం అక్కడ వండుకుని తినొస్తాం. ఈసారి వంట నాదేనని, ఎవరూ చెయ్యి పెట్టొద్దని ముందే చెప్పేశాను. మా ఆయన గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో పనిచేస్తాడు. అక్కడ పారేసిన ప్లైవుడ్ పెట్టె ఒకటి బండికి కట్టుకుని తెచ్చాడు.

"ఏది ఏడ వెట్టాల్నో జెప్పు. నువ్వు జెప్పినట్టే మేకులు కొడ్త" అన్నాడు.

పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా చెయ్యి ఎక్కడిదాకా పోతే అక్కడ ఒక అర పెట్టించాను. కారం డబ్బాకు ఒక రబ్బరుబ్యాండు, ధనియాలపొడికి రెండు. కత్తికి పాత పైపు ముక్కతో ఒర చేశాడు. లైటర్ ఎక్కడికీ పారిపోకుండా దారంతో పెట్టెకే కట్టేశాం. ముందు తలుపు కిందికి దించితే కూరగాయలు తరిగే పలక అవుతుంది. చిన్న సిలిండరు, దాని మీద బిగించే పొయ్యి, గాలికి అడ్డంగా పెట్టడానికి నూనె డబ్బా కోసి చేసిన రేకు అడుగున పట్టాయి.

ఉప్పుకు కుడిచేతి మూల ఇచ్చాను. ఎందుకంటే మా అత్త ఉప్పును ఎవరి చేతికీ ఇవ్వదు. చేతికిస్తే కొట్లాటలు వస్తాయని ఆమె నమ్మకం. కింద పెడుతుంది, మనం తీసుకోవాలి. అడిగే అవసరమే రాకుండా చేద్దామనుకున్నాను.

ఆదివారం దాకా ఆ డబ్బాలు తీసి పెట్టి, తీసి పెట్టి చేతులకు అలవాటు చేశాను. "గా పెట్టెతోటి ఆటలేంది పిల్లా" అని మా అత్త నవ్వేది.

తోటలో కోడికూర ఎవరి సాయం లేకుండా దించాను. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. తర్వాత బగారా అన్నానికి ఎసరు పెట్టాను. పుదీనా వాసన చెట్టు కిందంతా కమ్ముకుంది. నానిన బియ్యం సిద్ధంగా ఉంది. ఉప్పు కోసం చెయ్యి కుడిమూలకు పోయింది. మూల ఖాళీగా ఉంది.

"ఉప్పేదీ?" అని అరిచాను.

మా ఆయన అవతల చెట్టు కింద మామిడికాయ ముక్కలు ఉప్పుకారంలో అద్దుకుని తింటున్నాడట. "అరె, నేనే తెచ్చిన" అని గొణిగాడు. మా అత్త డబ్బా పట్టుకొచ్చి, అలవాటు ప్రకారం నా పక్కన నేల మీద పెట్టింది.

"గీడ వెట్టిన, తీస్కో."

ఎక్కడ? చెయ్యి చాచాను. గడ్డి తగిలింది, ఇటుక తగిలింది. ఇంకాస్త చాచేసరికి డబ్బా తగిలి ఒరిగిపోయింది. ఉప్పు నేల మీద జారిన చప్పుడు వినిపించింది. ఇటు ఎసరు తెర్లుతోంది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఇప్పుడు 'నువ్వు కూసో బిడ్డా' అంటుంది, ఆ మాట అన్నదంటే ఇక జన్మలో వంట మాట ఎత్తను అనుకున్నాను.

మా అత్త మోకాళ్లు పట్టుకుని మెల్లగా నా పక్కన కూలబడింది. నా కుడిచెయ్యి లాక్కుని, డబ్బా అడుగున మిగిలిన ఉప్పు అరచేతిలో పోసి, నా వేళ్లు తనే మూసింది.

"పట్టు" అంది.

"చేతికిస్తున్నవ్ అత్తమ్మా. కొట్లాట అయితది."

"అయితే కానీ. మనకేమన్న కొత్తనా? జల్దీ ఎయ్యి, ఎసరు ఇగిరిపోతాంది."

వేశాను. కళ్లనీళ్లు ఆగలేదు. గ్యాసు పొయ్యి కావడంతో పొగ మీద నెట్టేయడానికి కూడా లేకపోయింది.

అన్నం పలుకుపలుకుగా వచ్చింది. మా అత్త రెండోసారి పెట్టించుకుంది. తిన్నాక డబ్బాలు తనే కడిగి, ఒక్కొక్కటి ఏ అరలోదో నన్ను అడిగి మరీ సర్దింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆమె నమ్మకమే నిజమైంది. ట్రాలీ ఆటోలో మేడ్చల్ దాకా ఇద్దరం కొట్లాడుకున్నాం. మళ్లీ ఆదివారం చేపల పులుసు చేస్తానని నేను, కాదు తలకాయ కూర చెయ్యమని ఆమె. అంత కొట్లాటలోనూ "నేను జేస్త" అని ఒక్కసారి కూడా అనలేదు.